కౌగిలింత పరీక్ష

గతవారం వర్లీన్‌ని చర్చి భోజనాల హాలు మధ్యలో, ఊదారంగు రిబ్బను కట్టిన చిన్న పెట్టె చేతిలో పెట్టి, ఊరందరి ముందూ నిలబెట్టి వచ్చేశాం. మనం పత్రిక మూసేసి మన పనుల్లో పడ్డాం గానీ, పాపం ఆవిడ మాత్రం ఆ పెట్టె పట్టుకుని అలాగే నవ్వుతూ ఉండిపోయింది. ఏం చేస్తుంది మరి? ఇచ్చినవాడు హోలిస్. భార్య పోయాక ఏళ్ళ తరబడి నలిగిన చొక్కాలతో తిరిగి, ఈమధ్యే మళ్ళీ ఇస్త్రీ మొదలుపెట్టిన మనిషి. ఆ ఇస్త్రీ ఎవరి కోసమో కాటన్‌ఫోర్డ్ ఊళ్ళో అందరికీ తెలుసు, వర్లీన్‌తో సహా. పెట్టె విప్పితే లోపల అరచేతిలో ఇమిడిపోయే బుల్లి రివాల్వర్. దాని పిడి కూడా ఊదారంగే. "ఆడవాళ్ళ కోసమే ప్రత్యేకంగా చేశారట!" అన్నాడు హోలిస్ గర్వంగా. హాలంతా చప్పట్లు మోగిపోయాయి.

ఆ చప్పట్లు ఆదివారం నాటివి. ఇవాళ మంగళవారం. గురువారం తుపాకీ లైసెన్సు పరీక్ష.

వర్లీన్ ఇళ్ళూ పొలాలూ పశువుల రాంచ్‌లూ చూపించి అమ్మిపెట్టే మనిషి. వయసు అరవై దాటింది, మోకాళ్ళు కాస్త సణుగుతాయి, అయినా తాళం వేసిన గేటు ఎక్కి దూకమంటే ఇప్పటికీ దూకుతుంది. పక్క జిల్లాలో ఎవడో ఖాళీ ఇల్లు చూస్తానని వచ్చి, చూపించడానికి వెళ్ళిన అమ్మాయిని లోపలుంచి తలుపు గడియ పెట్టాడు. ఆ అమ్మాయి కిటికీలోంచి దూకి బతికి బయటపడింది. ఆ కబురు వచ్చిన మర్నాడే ఆఫీసు యజమాని బర్ల్ కొత్త నియమం పెట్టాడు. తుపాకీ లైసెన్సు లేనివాళ్ళు దూరపు రాంచ్‌లకి ఒంటరిగా వెళ్ళకూడదు. టెక్సస్‌లో లైసెన్సు లేకపోయినా చెల్లుతుంది కదా అని వర్లీన్ వాదించింది. "రాష్ట్రానికి చెల్లుతుందేమో గానీ నా ఇన్సూరెన్సు వాడికి చెల్లదు" అనేశాడు బర్ల్.

శుక్రవారం డాలస్ నుంచి డన్నవే రాంచ్ చూడటానికి మనుషులొస్తున్నారు. ఆ రాంచ్ ముసలాయన చేత అమ్ముతానని అనిపించడానికి వర్లీన్ తల ప్రాణం తోకకి వచ్చింది. ఆయన వరండాలో కూర్చుని ఎన్ని వేసవులు ఐస్ టీ తాగిందో లెక్కలేదు. ఇప్పుడు గురువారం పరీక్ష తప్పితే ఆ రాంచ్ కాస్తా బర్ల్ మేనల్లుడు ట్రిప్ చేతిలోకి పోతుంది. ట్రిప్‌కి మేకకీ గొర్రెకీ తేడా తెలియదు. అడిగితే రెంటికీ కాళ్ళు నాలుగేగా అంటాడు.

అందుకని మంగళవారం పొద్దున్నే వర్లీన్ ఊరి బయట జూనెల్ తుపాకుల కొట్టుకి వచ్చింది. ముందు కొట్టు, వెనక రేకుల షెడ్డు, షెడ్డుకి ఎదురుగా కొండంత మట్టి గట్టు. గురువారం పరీక్ష పెట్టేదీ ఇక్కడే, పెట్టేదీ జూనెల్లే. మంగళవారాలు ఆడవాళ్ళవి. మగవాళ్ళకి వెనక బల్ల మీద కూర్చుని కాఫీ తాగడానికి మాత్రమే అనుమతి, అదీ సలహాలివ్వకపోతేనే. ఆ బల్ల మీద హోలిస్ అప్పటికే కాలు మీద కాలేసుకుని సిద్ధంగా ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, మెరుస్తున్న బూట్లు, కుడి నడుం దగ్గర చొక్కా కింద ఎప్పుడూ ఉండే ఆ ఉబ్బు. చర్చిలో వెనక బల్ల హోలిస్‌ది. ప్రార్థన వేళ తలుపు వైపు చూస్తూ అందరికీ కాపలా కాసే బృందానికి పెద్ద ఆయనే. ఆ ఉబ్బు చూసుకునే ఊరంతా నిశ్చింతగా కళ్ళు మూసుకుంటుంది.

"చెవులు!" అని కేకేసింది జూనెల్. అందరూ చెవులకి మూతలు తగిలించుకున్నారు.

వర్లీన్ ఊదారంగు రివాల్వర్ ఎత్తి గట్టు ముందు కట్టిన కాగితానికి గురిపెట్టింది. ట్రిగ్గర్ నొక్కితే కదలదు. ఇంకా గట్టిగా నొక్కింది. వేలు ఎర్రబడింది, చెయ్యి వణికింది, ఊపిరి అయిపోయింది, అప్పుడు పేలింది. పేలిందంటే అలా ఇలా కాదు, అరచేతిని ఎవరో బెత్తంతో వాయించినట్టయింది. గట్టు మీద ఎక్కడో దుమ్ము లేచింది. ఉన్న అయిదు తూటాలూ అయ్యేసరికి వర్లీన్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కాగితం మాత్రం దుకాణంలోంచి అప్పుడే తెచ్చినంత శుభ్రంగా ఉంది.

"శభాష్ వర్లీన్! మధ్యలోనే కొట్టావ్!" అని బల్ల మీంచి అరిచాడు హోలిస్.

ఎంత మంచి మనసు, నా ముఖం చిన్నబోకుండా అబద్ధం ఆడుతున్నాడు అనుకుంది వర్లీన్. ఆ మంచితనం చూసి ఆవిడకి ఇంకా ఏడుపొచ్చింది.

జూనెల్ దగ్గరికొచ్చి వర్లీన్ అరచెయ్యి విప్పి చూసింది. జూనెల్‌కి ఊళ్ళో అందరూ బంగారాలే, పాస్టరు నుంచి పోలీసు దాకా.

"బంగారం, చెయ్యి కందిపోయింది. ఇది నువ్వు కొనుక్కున్నావా?"

"బహుమతి" అంది వర్లీన్ గొంతు తగ్గించి, బల్ల వైపు కళ్ళతో చూపించి.

"ఆహా" అంది జూనెల్. ఆ ఒక్క ఆహాలో పాతికేళ్ళ అనుభవం ఉంది. ఈ ఊళ్ళో మగవాళ్ళు తమకేమో పెద్ద పెద్ద తుపాకులు ఏరుకుంటారు. భార్యలకీ, కూతుళ్ళకీ, మనసుపడ్డవాళ్ళకీ మాత్రం అన్నిటికంటే బుల్లిది, అన్నిటికంటే తేలికది, రంగుది కొంటారు. మరుసటి మంగళవారం ఆ ఆడవాళ్ళంతా కందిన చేతులతో ఇక్కడే తేలతారు. "పరీక్షకి దీంతో వస్తే నువ్వు తప్పుతావ్ బంగారం. నేను నీ స్నేహితురాలినే, కానీ కాగితం మీద లేని చిల్లుని ఉందని రాయలేను."

"మరి ఆయన?"

"ఆయనకి లైసెన్సు ఉంది. కావలసింది నీకు."

జూనెల్ లోపలికెళ్ళి పళ్ళెంలో గుడ్డ పరిచి ఇంకో రెండు పిస్తోళ్ళు తెచ్చింది. అవి చూడగానే హోలిస్ బల్ల మీంచి లేచి వచ్చేశాడు.

"ఇవెందుకు? దానికేమైంది?"

వర్లీన్ కందిన చెయ్యి వెనక్కి దాచుకుంది. మొసలి తోలు బూట్లు వేసుకున్న కొనుగోలుదారులకి ముఖం మీదే ధర చెప్పగల మనిషి ఆవిడ. కానీ ఈ మనిషి ముఖం వేరు. చర్చి హాల్లో పెట్టె విప్పుతున్నప్పుడు అచ్చం చిన్నపిల్లాడిలా చూశాడు. ఆ చూపు పోగొట్టడం ఆవిడకి ఎంతమాత్రం ఇష్టం లేదు. డన్నవే రాంచ్ పోగొట్టుకోవడం అసలే ఇష్టం లేదు.

"హోలిస్" అంది చివరికి, "నువ్విచ్చింది నాకు పనికిరాదు."

"కొత్తలో అలాగే ఉంటుంది. అలవాటైతే..."

"అలవాటయ్యేలోపు గురువారం వచ్చేస్తుంది. నా చెయ్యి చూడు."

హోలిస్ ఆవిడ చేతిని కళ్ళకి బాగా దగ్గరగా పట్టుకుని చూశాడు. ముఖం మాడిపోయింది. "తేలిగ్గా ఉంటుందని కొన్నాను. ఆడవాళ్ళకి..."

"ఏ ఆడవాళ్ళకి? ఇది గేట్లు ఎక్కిన చెయ్యి. బావుల మూతలు ఎత్తిన చెయ్యి. నన్నొక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయింది?"

"అడిగితే బహుమతి ఎలా అవుతుంది?" అన్నాడు హోలిస్, నిజంగానే అర్థం కాక.

జూనెల్ మధ్యలోకి దూరింది. "హోలిస్ బంగారం, మీ పికప్ ట్రక్కు ఖాళీగా వెళ్తే గతుకుల్లో ఎలా ఉంటుంది?"

"ఎగిరెగిరి పడుతుంది."

"గడ్డిమోపులు వేస్తే?"

"బుద్ధిగా వెళ్తుంది."

"అంతే మరి. తుపాకీ ఎంత తేలికైతే అంత ఎగిరి తంతుంది. బరువుంటే ఆ తన్ను అదే మింగేస్తుంది. మీరిచ్చింది ఖాళీ పికప్. పాపం వర్లీన్ అందులో వెనక కూర్చుంది."

టెక్సస్ మగవాడికి పికప్ గురించి చెప్పాక ఇంక వాదన ఉండదు. హోలిస్ వెళ్ళి బల్ల మీద కూర్చున్నాడు. కూర్చున్నాడే గానీ భుజాలు జారిపోయాయి. వర్లీన్ గుండె చివుక్కుమంది.

పళ్ళెంలో మొదటి పిస్తోలు చూడ్డానికి ముచ్చటగా ఉంది. కానీ తూటా ఎక్కించడానికి పై భాగాన్ని వెనక్కి లాగాలి కదా, అది వర్లీన్ ఎంత లాగినా సగం దాకా వచ్చి మొండికేసింది. "కీళ్ళనొప్పులున్న వేళ్ళకి ఇది ఒద్దు" అని జూనెల్ దాన్ని పక్కన పెట్టేసింది. "అవసరం వచ్చిన పూట లాగలేని దాన్ని మోసుకు తిరిగి ఏం లాభం?"

రెండోది నలుపు. అందం చందం ఏమీ లేదు. ఊదారంగు దానికంటే ఒక వేలి పొడవు పెద్దది, కాస్త బరువు. వర్లీన్ పట్టుకుంది. అరచేతిలో కూర్చుంది. చిటికెన వేలికి కూడా చోటు దొరికింది. పై భాగాన్ని లాగితే సొరుగులా మెత్తగా వచ్చింది. గురిచూసే చుక్క తెల్లగా, పెద్దగా, వెతుక్కోకుండానే కనిపించింది. ఊపిరి పీల్చి, సగం వదిలి, నొక్కింది.

కాగితం మధ్యలో చిల్లు పడింది.

వర్లీన్ దాన్ని నమ్మలేక ఇంకోసారి కాల్చింది. మొదటి దాని పక్కనే ఇంకోటి. తర్వాత ఇంకోటి. చెయ్యి నొప్పి లేదు, కళ్ళల్లో నీళ్ళు లేవు. పిస్తోలు ఖాళీ అయ్యాక కింద పెట్టి, చెవుల మూతలు తీసేసి, అరవై దాటిన ఆ మనిషి అక్కడే ఆ రేకుల షెడ్డు కింద గిరగిరా ఒక చుట్టు తిరిగింది. మోకాళ్ళు కూడా ఆ పూటకి నోరు మూసుకున్నాయి.

"తగిలిందా?" అని అడిగాడు హోలిస్.

"చూస్తూనే ఉన్నావుగా!" అని నవ్వింది వర్లీన్.

"కాల్చడం అయింది. ఇప్పుడు మోయడం" అంది జూనెల్. పరీక్షలో అది లేకపోయినా జూనెల్ దగ్గర మాత్రం తప్పదు. పర్సులో పెట్టుకుంటానంటే ఒప్పుకోలేదు. "పర్సు కారు సీటు మీద మర్చిపోతావ్, వంటింటి గట్టు మీద పెట్టేస్తావ్. ఒంటి మీద ఉండాలి." నడుముకి తోలు ఒర కట్టి, ఖాళీ పిస్తోలు అందులో పెట్టి, పైన చొక్కా వదులుగా వేసి, కొట్టంతా తిప్పింది. వర్లీన్ రోజూ చేసే పనులన్నీ చేయించింది. వంగి తలుపు కింద తాళంచెవులుంచే పెట్టె తెరవడం, పై అర అందుకోవడం, కుర్చీలో కూర్చుని లేవడం. మొదటిసారి కూర్చోగానే పిస్తోలు పక్కటెముకల్లో పొడిచి "అమ్మో" అనిపించింది. ఒరని కాస్త వెనక్కి జరిపారు. వంగితే చొక్కా పైకి లేచి అంతా కనిపించింది. వేరే చొక్కా ప్రయత్నించారు. పెళ్ళికూతురికి కూడా ఇన్ని సవరణలు చేయరు.

"ఇంక ఆఖరిది. కౌగిలింత" అంది జూనెల్.

ఈ ఊళ్ళో తుపాకీ దాచడం కష్టం కాదు, కౌగిలింతల్లో దాచడం కష్టం. ఆదివారం చర్చి మెట్లు ఎక్కి బల్ల దాకా చేరేలోపు ఎన్ని చేతులు వీపు తడుముతాయో చెప్పలేం. అందుకే జూనెల్ కొట్లో కొత్త ఒర కట్టుకున్న వాళ్ళెవరైనా బయటికెళ్ళేముందు ఎవరినో ఒకరిని గట్టిగా కౌగిలించుకోవాలి. తుపాకీ ఏ పక్కనుందో అవతలివాళ్ళు చెప్పేస్తే పరీక్ష తప్పినట్టే.

"ఎవరిని?" అంది వర్లీన్.

"నేను కట్టాను కాబట్టి నాకు తెలుసు. నేను చెల్లను" అంది జూనెల్ అమాయకంగా ముఖం పెట్టి. సరిగ్గా అప్పుడే లోపల ఫోను మోగింది. అంత తొందర అక్కర్లేదు గానీ జూనెల్ పరిగెత్తుకుంటూ వెళ్ళిపోయింది.

షెడ్డులో ఇద్దరే మిగిలారు. హోలిస్ బల్ల మీంచి లేచాడు. టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

"నా బహుమతి ఒద్దన్నావ్."

"బహుమతి ఒద్దన్నాను. ఇచ్చినవాణ్ణి ఒద్దనలేదు" అంది వర్లీన్. అనేశాక చెవులు ఎర్రబడ్డాయి.

హోలిస్ ముఖం విప్పారింది. రెండు చేతులూ చాచాడు. వర్లీన్ వెళ్ళి గట్టిగా, పరీక్ష కదా, బాగా గట్టిగా కౌగిలించుకుంది. సబ్బు వాసన, గంజి వాసన, కాఫీ వాసన. ఇద్దరికీ తుపాకీ సంగతి కాసేపు గుర్తు లేదు.

ఫట్‌మని చప్పుడైంది.

ఖాళీదని తెలిసినా పేలిందేమోనని వర్లీన్ తన నడుం తడుముకుంది. తనది కాదు. చప్పుడు హోలిస్ కుడి నడుం దగ్గర్నుంచి వచ్చింది. తుపాకీ అలా చప్పుడు చేయదు. ప్లాస్టిక్ పగిలినట్టుంది. ఆయన కదలకుండా నిలబడిపోయాడు. వర్లీన్ ఆయన చొక్కా అంచు పట్టుకుని పైకెత్తింది. ఒర ఉంది. ఒరలో తుపాకీ లేదు. నల్లటి కళ్ళజోడు పెట్టె ఉంది, మూత రెండు ముక్కలై.

"హోలిస్. ఇదేంటి?"

"కళ్ళజోడు."

"అది కనిపిస్తూనే ఉంది! నీ తుపాకీ ఏది?"

"ఇంట్లో. బీరువాలో. శీతాకాలం నుంచీ." హోలిస్ బల్ల మీద కూలబడ్డాడు. "రెండు కళ్ళల్లోనూ శుక్లాలు వర్లీన్. నీ ముఖం కూడా ఇంత దగ్గరకొస్తే గానీ సరిగ్గా ఆనదు. కనిపించనివాడు నలుగురిలోకి తుపాకీ పట్టుకెళ్ళకూడదు, అది మా నాన్న నాకు మొదట నేర్పిన సంగతి. అందుకని తీసేశాను. కానీ ఉబ్బు లేకపోతే అందరూ అడుగుతారు కదా."

ఇందాక మధ్యలోనే కొట్టావని అరిచింది మంచితనం కాదన్నమాట. వర్లీన్‌కి నవ్వొచ్చింది, కోపమొచ్చింది, రెండూ తోసుకుంటూ వచ్చాయి. "నువ్వు వెనక ఉన్నావని చర్చి చర్చంతా కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తోంది!"

"నేనూ ప్రార్థనే చేస్తున్నాను" అన్నాడు హోలిస్. "మీ అందరికంటే గట్టిగా."

వర్లీన్ పగలబడి నవ్వేసింది. నవ్వుతూనే వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది. హోలిస్ మాత్రం నవ్వలేదు.

"ఆపరేషన్ వచ్చే నెల. చేశాక కుర్రాడి చూపు వస్తుందంది డాక్టరు. కానీ పాస్టరు ఈ ఏడాది కొత్త పద్ధతి పెట్టాడు, కాపలా వాళ్ళందరూ కాల్చి చూపించాలట. నాకూ గురువారమే. ఇక్కడే."

"వెళ్ళి చెప్పెయ్. వచ్చే నెల దాకా ఆగమను."

"చెబితే చర్చిలో నా కాపలా బల్ల మీద మా బృందంలోని ఆర్విల్ కూర్చుంటాడు. ఆర్విల్ ఒకసారి కూర్చుంటే క్రేను పెట్టినా లేవడు." హోలిస్ టోపీ అంచుని వేళ్ళతో తిప్పాడు. "మా ఆవిడ పోయాక ఆదివారం మంచం దిగడానికి నాకు ఇంకో కారణం లేకపోయింది. ఆ బల్ల ఒక్కటే. నాకోసం ఎవరో చూస్తారు, నేను రాకపోతే వెలితి ఉంటుంది అనుకునేవాణ్ణి. నువ్వు తర్వాత వచ్చావ్. ముందు అదే ఉండేది."

వర్లీన్ ఆయన చెయ్యి తీసుకుంది. కందిన అరచెయ్యి మండినా వదల్లేదు.

లోపల జూనెల్ ఫోనులో ఎవరికో వీడ్కోలు చెబుతున్న గొంతు వినిపించింది. హోలిస్ చటుక్కున అటు చూసి, ఇటు వంగి, గొంతు తగ్గించాడు.

"వర్లీన్, గురువారం మనిద్దరికీ పక్క పక్క వరసలు. నా కాగితం నీ కాగితాన్ని ఆనుకునే ఉంటుంది."

"ఉంటే?"

"నువ్విప్పుడు బాగా కొడుతున్నావట కదా." అన్నాడు. "నీ తూటాలు కొన్ని నా కాగితానికి పంపగలవా?"

వర్లీన్ చెయ్యి వెనక్కి లాక్కుంది. చిన్నప్పుడు బడిలో కూడా పక్కవాళ్ళ పలక చూడని మనిషి. గురువారం లెక్కపెట్టేది జూనెల్, ఆ కళ్ళు గద్ద కళ్ళు. పట్టుబడితే లైసెన్సు పోతుంది, స్నేహం పోతుంది, డన్నవే రాంచ్ గేటు తాళం ట్రిప్ జేబులోకి పోతుంది. పట్టుబడకపోయినా ఆయనకి పంపిన ప్రతి తూటా తన కాగితం మీద లేనట్టే. గురి కుదిరింది ఇవాళ, ఇంకా గంట కూడా కాలేదు. అప్పుడే అందులో వాటా అడుగుతున్నాడు.

కాదని చెప్పడానికే ఆయన వైపు తిరిగింది. హోలిస్ కళ్ళు చికిలించి, ఆవిడ ముఖం ఎక్కడుందో వెతుక్కుంటూ చూస్తున్నాడు.

తలుపు చప్పుడైంది. జూనెల్ వచ్చేస్తోంది.

"ఎన్ని కావాలి?" అంది వర్లీన్.